కాకిలెక్కలూ, కంప్యూటరు లెక్కలూ

ఊళ్ళో కాకులెన్ని ఉన్నాయని రాజుగారు అడిగితే, తడుముకోకుండా నోటికి వచ్చిన అంకె ఒకటి చెప్పి, "తక్కువైతే కొన్ని చుట్టాల ఊరికి వెళ్ళినట్టు, ఎక్కువైతే చుట్టాలు వచ్చినట్టు" అని తప్పించుకున్న గడుసువాడి కథ మన ఇళ్ళలో తెలియని పిల్లవాడు ఉండడు. అప్పటినుంచీ నమ్మదగని లెక్కకు "కాకిలెక్క" అని పేరు స్థిరపడిపోయింది. కథ విని నవ్వుకుంటాం గాని, అందులో ఒక గట్టి సంగతి ఉన్నది. అతని అంకె తప్పో ఒప్పో ఎవరికీ తెలియదు. వెళ్ళి సరిచూసే దారి లేదు గనుక అది సభలో చెల్లింది. అకౌంటింగు, ఆడిటు అనే విద్యలు రెండూ ఈ ఒక్క చిక్కును విప్పడానికి పుట్టినవే. అంకె చెప్పినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, మూడోవాడు వెళ్ళి సరిచూడగలగాలి. అంతే సూత్రం.

మన గోదావరి జిల్లాలవాళ్ళకు లెక్కలు కొత్త కావు. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో ధవళేశ్వరం దగ్గర పూర్తయిన తరువాత నీళ్ళు పారిన ప్రతి చేనుకూ ఒక లెక్క పుట్టింది. ఏ సర్వే నంబరులో ఎంత నాటారు, ఎంత శిస్తు పడింది, ఎంత వసూలైంది అన్నదంతా కరణంగారి పెట్టెలో ఉండేది. 1984లో రాష్ట్ర ప్రభుత్వం ఆ వంశపారంపర్యపు ఉద్యోగాలు రద్దుచేసేదాకా ఊరి భూమి చరిత్ర అంతా ఆయన దస్తూరీలోనే ఉండేది. కరణాలలో ధర్మాత్ములూ ఉన్నారు, ఒక చుక్కతో పొలం గట్టు జరిపిన ఘనులూ ఉన్నారు. వారి మంచి చెడ్డల మాట అటుంచి, చిక్కు ఎక్కడ వచ్చేదంటే, ఆ రాత ఆయనకు తప్ప మరొకరికి అర్థమయ్యేది కాదు. చదవలేని లెక్కను సరిచూసేది ఎలాగ?

కొలతల సంగతీ అంతే. ఊరికో కుంచం, షావుకారుకో తూనిక ఉన్న రోజుల్లో, ఈ ఊరి ధాన్యం ఆ ఊరిలో అమ్మాలంటే ముందు కుంచాల తగువు తీరాలి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. తరువాత 1958 నుంచి మెట్రిక్ తూనికలు మెల్లగా అమలులోకి వచ్చాయి. అణాలు, కానులు, వీశెలు, మణుగులు పోయినందుకు మన ముసలమ్మలు చాలాకాలం సణిగారు. కాని అప్పటినుంచీ తణుకులో కిలో అన్నది తునిలోనూ కిలోయే, కాశ్మీరులోనూ కిలోయే. ఒకే కొలత వచ్చిందని వర్తకులందరూ సత్యహరిశ్చంద్రులు అయిపోలేదు. అయితే మోసం చేస్తే పట్టుకోవడం సులువైంది. ప్రమాణం అన్నది చేసే మేలు ఇంతే, కాని ఇది చిన్న మేలు కాదు.

ధాన్యానికి కిలో వచ్చినట్టుగా కంపెనీల జమాఖర్చులకు కూడా ఒక కొలత రావాలని ఒక ఆడిటరు కన్న కల ఈ వారం మన ముచ్చట.

జమకు ఖర్చు, ఖర్చుకు జమ చూపించే జంట పద్దుల పద్ధతిని లూకా పాచోలీ అనే ఇటలీ సన్యాసి 1494లో వెనిసులో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. ఇప్పటికి అయిదు వందల ఏళ్ళు దాటినా ప్రపంచం అంతా దానినే వాడుతున్నది. మన షావుకార్లు చిట్టా, ఆవర్జాలతో తమ పద్ధతిలో ఇంచుమించు ఆ పనే చేసుకున్నారు. అయితే పద్ధతి ఒకటే అయినా పేర్లు ఒకటి కావు. ఒక కంపెనీ "అమ్మకాలు" అంటుంది, మరొకటి "వ్యాపార రాబడి" అంటుంది, ఇంకొకటి ఆ రెండింటినీ కలిపి "ఆదాయం" అంటుంది. మనిషి చదివితే సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. యంత్రానికి సందర్భం తెలియదు. అందుకే ఇరవయ్యో శతాబ్దం చివరి ఏళ్ళలో కూడా, కంప్యూటరులో పుట్టిన అంకెను కాగితం మీద అచ్చువేసి, ఆ కాగితాన్ని చూసి ఇంకొక ఆఫీసులో ఇంకొక గుమాస్తా ఇంకొక కంప్యూటరులోకి ఎక్కించేవాడు. పల్లకీ మీద ఊరేగిన పెళ్ళికొడుకును పందిరి దగ్గర దింపి మళ్ళీ ఊరి బయటినుంచి నడిపించుకు రావడం వంటిది ఈ పని.

ఈ అవస్థ చూడలేకపోయినవాడు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా పట్నంలో ఒక ఆడిటు సంస్థలో పనిచేసే ఛార్లెస్ హాఫ్‌మన్. ఆయన కంప్యూటరు పండితుడు కాడు, లెక్కలు రాసుకునే మనిషి. 1998 ఫిబ్రవరిలో ఎక్స్.ఎమ్.ఎల్. అనే కొత్త భాష వెలువడింది. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ప్రతి సమాచారానికీ ఒక చీటీ తగిలించే పద్ధతి అది. హాఫ్‌మన్ దానిని చూసి, ఈ చీటీలను జమాఖర్చుల అంకెలకు ఎందుకు తగిలించకూడదు అనుకున్నాడు. అమెరికా ఆడిటర్ల సంఘం దగ్గరకు వెళ్ళి ఒప్పించాడు. ఎరిక్ కోహెన్ వంటి మరికొందరు ఆడిటర్లు కలిసివచ్చారు. 2000 సంవత్సరం జూలైలో ఎక్స్.బి.ఆర్.ఎల్. అనే ప్రమాణం మొదటి రూపం వెలువడింది. హాఫ్‌మన్ దృష్టి కంపెనీ ఏడాది చివర ప్రకటించే పట్టికల మీద ఉంటే, కోహెన్ అంతకంటె లోపలికి వెళ్ళి, ఆవర్జాలో ఒక్కొక్క పద్దుకూ అటువంటి చీటీ ఉండాలని పట్టుబట్టాడు. సంతకం పెట్టిన పట్టిక మాత్రం చూస్తే చాలదు, అది ఏ పద్దులలోనుంచి పుట్టిందో ఆడిటరు దారి పట్టుకుని వెనక్కి వెళ్ళగలగాలని ఆయన వాదం.

చీటీ అంటే ఏమిటో ఇంటి ఉదాహరణ చెబుతాను. ఆవకాయ జాడీలు పది వరసగా ఉన్నాయనుకోండి. పెట్టిన ఇల్లాలికి ఏది ఏనాటిదో, ఏది వెల్లుల్లి వేసినదో, ఏది వెయ్యనిదో తెలుసు. ఆవిడ పుట్టింటికి వెళితే మిగిలినవాళ్ళ పని అయోమయం. ప్రతి జాడీకీ పేరు, తేదీ, తూకం రాసిన చీటీ అంటిస్తే కొత్త కోడలైనా సరైన జాడీయే తీస్తుంది. ఎక్స్.బి.ఆర్.ఎల్. చీటీ కూడా ఇటువంటిదే. "ఈ అంకె బ్యాంకు నిల్వ, ఫలానా కంపెనీది, ఫలానా తేదీనాటిది, రూపాయలలో" అని అంకెతోపాటు యంత్రానికి చెబుతుంది. ఏ చీటీకి ఏమి అర్థమో దేశంలో అందరికీ కలిపి ఒకే నిఘంటువు ఉంటుంది. అప్పుడు వెయ్యి కంపెనీల బ్యాంకు నిల్వలను పక్కపక్కన పెట్టి చూడడం క్షణంలో పని.

ఇదంతా టకోమాలో సంగతి, మనకెందుకు అంటారేమో. మనకు ఎందుకో చెప్పడానికి భీమవరం దాకా వెళితే చాలు.

సత్యం కంప్యూటర్స్ అనే సంస్థను 1987లో స్థాపించిన బైర్రాజు రామలింగరాజు భీమవరం ప్రాంతం వాడే. విజయవాడ లయోలా కాలేజీలో బి.కాం. చదివి, అమెరికాలో వ్యాపార శాస్త్రం చదివి వచ్చాడు. ఆయన కంపెనీలో 50,000 మంది ఉద్యోగాలు చేశారు. తండ్రిగారి పేర పెట్టిన ఫౌండేషను పశ్చిమ గోదావరి పల్లెలలో మంచినీళ్ళు, వైద్యం అంటూ పనిచేసింది. పిల్లవాడికి సత్యంలో ఉద్యోగం వచ్చిందంటే మన ఊళ్ళలో పెళ్ళి సంబంధాలు నడిచి వచ్చిన రోజులవి. 2008 సెప్టెంబరులో కంపెనీని సక్రమంగా పరిపాలిస్తున్నందుకు "గోల్డెన్ పీకాక్" అనే బహుమానం కూడా వచ్చింది.

ఆ ఏడు డిసెంబరు 16న, రాజుగారి కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను సత్యం సొమ్ముతో కొంటామని ప్రకటించారు. ఇంగ్లీషు అక్షరాలలో సత్యం పేరు తిరగేసి రాస్తే మేటాస్ అవుతుంది. వాటాదారులు గోలపెట్టేసరికి కొన్ని గంటలలోనే ఆ ప్రయత్నం మానుకున్నారు. 2009 జనవరి 7న ఆయన డైరెక్టర్లకు రాసిన ఉత్తరంతో అసలు గుట్టు బయటపడింది. సెప్టెంబరు 30 నాటి పట్టికలో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని చూపితే అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. లేని నిల్వ మీద వచ్చినట్టు రాసిన వడ్డీ 376 కోట్లు. పుస్తకానికి ఎక్కించని అప్పు 1,230 కోట్లు. రావలసిన బాకీలలో 490 కోట్లు ఎక్కువ రాసినవి. అన్నీ కలిపితే 7,136 కోట్లు. ఆ మూడు నెలల వ్యాపారంలో మిగులు 649 కోట్లని రాస్తే, నిజానికి మిగిలినది 61 కోట్లు. ఇంట్లో ఈగలమోత, బయట పల్లకీమోత అన్న సామెతను కోట్లలోకి మార్చి చూపినట్టయింది. ముందురోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి పడిపోయింది.

ఈ మోసం ఎట్లా సాగిందన్నది మన ముచ్చటకు ముఖ్యం. దర్యాప్తులో తేలినదాని ప్రకారం, కంపెనీవారి బిల్లులు తయారుచేసే యంత్రంలో 7,561 దొంగ బిల్లులు పుట్టాయి. వాటి మొత్తం 5,117 కోట్లు. మామూలు ఉద్యోగులకు అవి కనబడకుండా, సర్వాధికారం గల ప్రత్యేకమైన పేరుతో యంత్రంలోకి వెళ్ళి దాచేవారు. మొత్తాలు వేసేటప్పుడు మాత్రం అవి కలిసేవి. ఆ బిల్లులకు రావలసిన సొమ్ము వచ్చినట్టు చూపాలి గనుక, బ్యాంకుల పేర దొంగ డిపాజిట్ రసీదులు పుట్టాయి. ఎంత కంప్యూటరు కంపెనీ అయితేనేం, కంప్యూటరు యజమాని చెప్పినట్టు విన్నది.

మరి ఆడిటర్లు? పేరుమోసిన అంతర్జాతీయ సంస్థ శాఖలే ఆడిటు చేశాయి. 2011 ఏప్రిల్‌లో అమెరికా అధికార సంస్థలు ఆ శాఖల మీద 75 లక్షల డాలర్ల జరిమానా వేస్తూ చెప్పిన తప్పు వింటే ఆశ్చర్యం వేస్తుంది. "మీ దగ్గర ఈ కంపెనీ సొమ్ము ఎంత ఉన్నది?" అని బ్యాంకును అడిగే ఉత్తరాలు, వాటి జవాబులు ఆడిటరు చేతిమీదుగా నడవాలి. ఆ పనిని కంపెనీ యాజమాన్యం చేతిలోనే వదిలేశారు. కాకులు లెక్కపెట్టి రమ్మని ఆ గడుసువాడినే మళ్ళీ పంపినట్టు!

హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం 2015 ఏప్రిల్ 9న రామలింగరాజుకు, ఆయన తమ్ముడు రామరాజుకు, ఇద్దరు ఆడిటర్లకు, మరి ఆరుగురికి ఏడేళ్ళ జైలుశిక్ష వేసింది. మరుసటి నెలలో పై న్యాయస్థానం అప్పీలు విచారణలో ఉండగా శిక్ష అమలును నిలిపి బెయిలు ఇచ్చింది. కంపెనీని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని కొత్త డైరెక్టర్లను వేసి నిలబెట్టింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కున్నది. అందువల్ల ఉద్యోగులలో చాలామంది బతుకులు వీధిన పడలేదు. షేర్లు కొన్నవాళ్ళ సొమ్ముకు మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. పదవీ విరమణ సొమ్ము పెట్టినవారు, కూతురి పెళ్ళికని దాచినవారు కూడా అటువంటివారిలో ఉంటారు గదా.

హాఫ్‌మన్‌గారి చీటీలు ముందే ఉంటే ఈ మోసం జరిగేది కాదా అని అడగవచ్చు. ఉన్నమాట చెప్పుకోవాలి. చీటీ ఒక్కటీ ఉంటే ఆగేది కాదు. కారంపొడి జాడీకి పసుపు అని చీటీ అంటిస్తే అది పసుపు కాదు. అబద్ధాన్ని శుభ్రమైన అక్షరాలతో రాసినంత మాత్రాన నిజం కాదు. ప్రమాణం చేయగలిగినది ఒకటే: అబద్ధం దాక్కునే మూలలను తగ్గించడం. అమ్మినవాడి బిల్లులో అంకె, కొన్నవాడి పుస్తకంలో అంకె, బ్యాంకు పుస్తకంలో అంకె ఈ మూడూ ఒకే భాషలో ఉంటే, మూడింటినీ యంత్రం పోల్చగలదు. ఒకడు అబద్ధం ఆడాలంటే మిగతా ఇద్దరినీ ఒప్పించుకోవాలి. అది అంత తేలిక కాదు.

దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు అన్నా, మన దేశంలో ఆ తరువాత వచ్చిన మార్పులు తక్కువవి కావు. 2011 మార్చితో ముగిసిన సంవత్సరం నుంచి స్టాకు మార్కెట్టులో ఉన్న కంపెనీలు, అయిదు కోట్ల మూలధనంగాని నూరు కోట్ల వ్యాపారంగాని ఉన్న కంపెనీలు ఎక్స్.బి.ఆర్.ఎల్. చీటీలతోనే ప్రభుత్వానికి లెక్కలు ఇవ్వాలన్నారు. 2013లో కొత్త కంపెనీల చట్టం వచ్చింది. దాని కింద 2018 అక్టోబరులో ఆడిటర్లమీద కన్నువేసి ఉంచే జాతీయ సంస్థ ఒకటి ఏర్పడింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేరులో ఏ పద్దును ఎప్పుడు మార్చినా ఆ మార్పు జాడ నిలిచిపోవాలి, ఆ జాడను ఆపివేసే మీట ఉండరాదు అన్నారు. కరణంగారు గీకి దిద్దిన చోట కాగితం పలచబడి పట్టిచ్చేది. కంప్యూటరులో గీకితే పలచబడదు గనుక ఈ నిబంధన కావలసివచ్చింది. ఆడిటరు కంపెనీనుంచి సమాచారం ఏ రూపంలో తీసుకోవాలో చెప్పే ప్రమాణాన్ని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కూడా 2019లో వెలువరించింది.

ఇవన్నీ పెద్ద కంపెనీల గొడవ అనుకోకండి. జి.ఎస్.టి. 2017 జూలై 1న వచ్చింది. 2020 అక్టోబరు నుంచి పెద్ద వ్యాపారుల బిల్లులకు దేశమంతటికీ ఒకే నమూనా పెట్టారు. 2023 ఆగస్టు నాటికి ఆ నిబంధన అయిదు కోట్లు దాటిన వ్యాపారందాకా దిగివచ్చింది. అంటే తాడేపల్లిగూడెంలో టోకు వర్తకుడికీ, భీమవరంలో రొయ్యల వ్యాపారికీ దాని సెగ తగలవచ్చు. ఆ బిల్లు ప్రభుత్వపు యంత్రం దగ్గర నమోదై, 64 అక్షరాల గుర్తూ, ఒక చదరపు ముద్రా తెచ్చుకుంటే తప్ప చెల్లదు. ఇక రైతు సంగతి. సహకార పరపతి సంఘాలు 63,000 వరకూ ఒకే రకం లెక్కల సాఫ్ట్‌వేరులోకి తేవాలని కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో 2,516 కోట్ల పథకం మంజూరు చేసింది. సంఘం కార్యదర్శి బీరువాలో ఉన్న పంట రుణాల పుస్తకం పైవాళ్ళకూ కనబడితే, రైతు కట్టిన వాయిదా కట్టనట్టు మిగిలిపోయే అవకాశం తగ్గుతుంది.

కష్టాలు లేవా అంటే ఉన్నాయి. చీటీలు తగిలించే పని మొదలైన కొత్తలో లక్షలను వేలుగా, నష్టాన్ని లాభంగా చూపిన పొరపాట్లు అమెరికాలోనూ జరిగాయి. చిన్న వ్యాపారికి ఇదంతా అదనపు ఖర్చు. కరెంటు పోయినా, ఇంటర్నెట్టు రాకపోయినా లారీ గుమ్మం ముందు ఆగిపోతుంది. మనిషి బుద్ధి చేయవలసిన పనిని యంత్రానికి అప్పజెప్పి ఊరుకునే సోమరితనం మరొక ప్రమాదం. చీటీ సరిగ్గా ఉన్నదా అని యంత్రం చూస్తుంది. జాడీ మూత తీసి రుచి చూడవలసినవాడు మాత్రం ఆడిటరే.

ఈ పత్రిక చదివే తల్లిదండ్రులకు ఒక మాట. మన జిల్లాలలో తెలివైన పిల్లవాడంటే ఇంజనీరు, లేదా డాక్టరు. "బి.కాం.లో చేరాడండీ" అని చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ మన దేశంలో 1949లో పుట్టింది. ఆ పరీక్ష పాసైనవారికి కంప్యూటరు వ్యవస్థల ఆడిటులో ప్రత్యేకమైన కోర్సు కూడా ఇప్పుడు అదే సంస్థ నడుపుతున్నది. లెక్కలూ తెలిసి, యంత్రం లోపల ఏమి జరుగుతోందో అడిగి తెలుసుకునే ఆడిటరుకు పని కరువు ఉండదు. హాఫ్‌మన్ లెక్కలవాడై ఉండి యంత్రం సంగతి పట్టించుకున్నాడు. లెక్కలంటే ఇష్టమున్న మీ అమ్మాయిని అటు వెళ్ళనివ్వండి. సత్యం బ్యాంకు నిల్వల దగ్గర ఒక మొండిమనిషి "ఈ ఉత్తరం నేనే పోస్టులో వేస్తాను, జవాబు నాకే రావాలి" అని కూర్చుని ఉంటే, ఎందరి సొమ్మో నిలిచేది.

మనం మన ఇళ్ళలో చేయగలిగినదీ ఇటువంటిదే. మంచి డ్వాక్రా సంఘాలలో సొమ్ము పట్టుకునే మనిషి ఒకరు, పుస్తకం రాసే మనిషి ఇంకొకరు ఉంటారు. నెలకొకసారి అందరి ఎదుటా చదువుతారు. చదువు అంతగా రాని ఆడవాళ్ళు కూడా పాటించే ఈ నియమం 50,000 మంది ఉన్న కంపెనీలో తప్పింది. మీ సొమ్ము ఎక్కడ దాచినా, దాచుకున్నవాడు ఇచ్చిన కాగితంతో తృప్తిపడకండి. డిపాజిట్ రసీదు ఏజెంటు తెచ్చి ఇస్తే, బ్యాంకు కౌంటరు దగ్గరకు మీరే వెళ్ళి పాసుపుస్తకంలో వేయించుకోండి. ఆ గుమాస్తా విసుక్కున్నా సరే. మీ ఏజెంటు ఎంత దగ్గర చుట్టమైనా సరే. నిజమైన చుట్టమైతే, సరిచూశారని కోపగించుకోడు.